స్విఫ్ట్ డీజిల్‌కి రీమ్యాప్ చేయిస్తే ఘాట్‌లో పికప్ వస్తుందా?

మార్కాపురం_మల్లి
మాది 2014 స్విఫ్ట్ వీడీఐ. లక్షా ముప్పై వేలు దాటింది. మామూలు రోడ్డు మీద వంక పెట్టడానికేం లేదు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ మొదలైతే చాలు, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, పైన ఏసీ, ఇక బండి కదలనంటుంది. హెయిర్‌పిన్ మలుపులో సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు. వెనక బస్సువాడు హారన్ మోత. ఆ తర్వాత ఒక్కసారిగా ఎగురుతుంది. మొన్న శిఖరం దగ్గర ఏసీ ఆపేసి ఎక్కించాల్సి వచ్చింది. మా అత్తగారు ముందు సీట్లో కూర్చుని "కొత్తది ఎప్పుడు కొంటున్నారు?" అని అడిగారు.

హైదరాబాద్‌లో ఒకాయన ఈసీయూ రీమ్యాప్‌కి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడానికి) 18 వేలు అంటున్నాడు. 75 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్‌ని 100 చేస్తాడట, మైలేజీ కూడా రెండు కిలోమీటర్లు పెరుగుతుందట. చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంజిన్‌కి ఏమైనా అవుతుందా? లేక ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మారిస్తే సరిపోతుందా?

సెకండ్_గేర్
అత్తగారి ప్రశ్నకి రీమ్యాప్‌లో జవాబు లేదు బ్రో.

టర్బో_తిక్క
కళ్లు మూసుకుని చేయించెయ్. మా పోలో 1.5 డీజిల్‌కి స్టేజ్ 1 (విడిభాగాలు మార్చకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చే రీమ్యాప్) చేయించి చాలా కాలమైంది, ఇప్పటిదాకా ఒక్క సమస్య లేదు. కంపెనీవాళ్లు ఒకే ఇంజిన్‌ని కల్తీ డీజిల్‌కీ, సర్వీసింగ్ చేయించని ఓనర్‌కీ, మండే ఎండకీ అన్నింటికీ సరిపోయేలా పెడతారు. అందుకే చాలా మార్జిన్ వదిలేస్తారు. రీమ్యాప్ అంటే ఆ మార్జిన్‌లో కొంత మనం వాడుకోవడమే. నీ స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ 1.3 మల్టీజెట్. అదే 1248 సీసీ ఇంజిన్ ఎర్టిగా, సియాజ్‌లో 90 పీఎస్ ఇచ్చింది కదా. ఇంజిన్‌కి ఆ సత్తా ఉంది.

స్టాక్_సుబ్బారావు
తిక్క గారూ, సగమే చెప్పారు. ఆ 90 పీఎస్ బళ్లలో టర్బో (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) వేరు. వాటిది వీజీటీ, అంటే టర్బైన్ చుట్టూ ఉండే రెక్కలు తిరిగి గ్యాస్ దారిని ఇరుకుగా, వెడల్పుగా మారుస్తాయి. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా పెద్దది. స్విఫ్ట్‌ది ఫిక్స్‌డ్ టర్బో. సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన రెక్కలు మొలవవు.

ఆటోనగర్_బాషా
విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పనే చేస్తాను. రీమ్యాప్ సంగతి తర్వాత చూద్దాం. మల్లి గారూ, ముందు ఇవి చెప్పండి.

ఘాట్ ఎక్కేటప్పుడు వెనక నల్ల పొగ వస్తోందా? రెండు వేల ఆర్పీఎం దాటాక బోనెట్ లోపల్నుంచి గాలి పోతున్నట్టు "ఉస్‌స్" అని చప్పుడు ఉందా? డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? ఈ నీరసం కొన్నప్పటినుంచీ ఉందా, మధ్యలో మొదలైందా?

ఈ బండి కొత్తగా ఉన్నప్పుడు కూడా 1700, 1800 లోపల మందంగానే ఉంటుంది. అది దాని జాతకం. ఏసీ ఆపితే తప్ప ఘాట్ ఎక్కనంత నీరసం మాత్రం దానికి లేదు. ఎక్కడో జబ్బు ఉంది. జ్వరం వచ్చినవాడిని జిమ్‌కి పంపినట్టు, జబ్బున్న బండికి రీమ్యాప్ చేస్తే రెండూ పోతాయి.

మార్కాపురం_మల్లి
బాషా గారూ, పొగ వస్తోంది. మా తమ్ముడు బైక్ మీద వెనకే వస్తూ చెప్పాడు, నల్లగానే ఉందట. చప్పుడు అంటే... కిటికీ దించితే ఈల లాంటిది వినిపిస్తుంది, టర్బో చప్పుడే అనుకున్నాను, వింటానికి బాగానే ఉంటుంది. డీజిల్ ఫిల్టర్ పోయిన సర్వీసింగ్‌లో మార్చామని బిల్లులో ఉంది. నీరసం పోయిన ఏడాది నుంచి ఎక్కువైంది.

సెకండ్_గేర్
"వింటానికి బాగానే ఉంటుంది" 😂 ఉచితంగా వచ్చిన టర్బో విజిల్.

ఆటోనగర్_బాషా
అయితే నూటికి తొంభై పాళ్లు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కో, అక్కడి నుంచి ఇంజిన్‌కో వెళ్లే గొట్టం చీలి ఉంటుంది. లేదా క్లాంప్ వదులై ఉంటుంది. టర్బో గాలి కొడుతోంది, కానీ ఇంజిన్‌కి చేరకముందే కొంత బయటికి పోతోంది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ, అందుకే నల్ల పొగ.

చూసే పద్ధతి: గొట్టాల జాయింట్ల దగ్గర చెయ్యి పెట్టి తడమండి. ఆయిల్ తడి, దానికి అంటుకున్న దుమ్ము ఒకే చోట గుత్తిగా ఉంటే లీకు అక్కడే. ఈ గొట్టాల్లో కాస్త ఆయిల్ ఆవిరి ఎప్పుడూ తిరుగుతుంది కాబట్టి లీకైన చోట మరక పడుతుంది. గొట్టం అడుగు భాగం చూడటం మరిచిపోవద్దు, పైకి కొత్తదానిలా ఉంటుంది, కింద రబ్బరు పొరలు విడిపోయి వేలు దూరేంత చీలిక ఉంటుంది. న్యూట్రల్‌లో రేజ్ చేసి చూస్తే తెలియదు, లోడ్ లేకపోతే టర్బో పెద్దగా గాలి కట్టదు. ఎయిర్ ఫిల్టర్ వైపు మూతి బిగించి, రెగ్యులేటర్ పెట్టి ఒక బార్ లోపే గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టమనండి మెకానిక్‌ని. బుడగలు వచ్చిన చోట దొరికిపోతుంది. పంక్చర్ షాపు గాలి నేరుగా ఎక్కించొద్దు, ఉన్న గొట్టాలు కూడా ఊడిపోతాయి.

ఓబీడీ_ఓంకారం
బాషా గారి మాటకి చిన్న చేర్పు. ఒక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ రీడింగులు ఫోన్‌కి పంపేది) తీసుకుని స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి, ఫోన్‌లో యాప్ వేసుకుని మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) చూడండి. బండి ఆపి ఉన్నప్పుడు 100 కిలోపాస్కల్ దగ్గర చూపిస్తుంది, అది మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. ఎత్తు రోడ్డు మీద థర్డ్ గేర్‌లో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు 2200 ఆర్పీఎం దగ్గర 200 చుట్టుపక్కలకి రావాలి. 140, 150 దగ్గరే ఆగిపోతే గాలి ఎక్కడో పోతోందన్నమాట. ఫోన్ పక్కవాళ్లకి ఇవ్వండి, నడుపుతూ చూడకండి.

టర్బో_తిక్క
గొట్టం బాగుచేయించడం మంచిదే, నేను కాదన్లేదు. బాగయ్యాక మాత్రం రీమ్యాప్ చేయించు, తేడా రాత్రికీ పగలుకీ ఉన్నంత ఉంటుంది.

లెక్కల_మాస్టారు
ఆ "100 పీఎస్" మాట ఘాట్‌లో ఎందుకు కలిసిరాదో ఒక చిన్న లెక్క. పవర్ (పీఎస్) అంటే టార్క్ (ఇంజిన్ తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో) ని ఆర్పీఎంతో గుణించి దాదాపు 7024తో భాగిస్తే వచ్చేది.

స్విఫ్ట్ డీజిల్‌కి కంపెనీ చెప్పింది 2000 ఆర్పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్లు, 4000 దగ్గర 75 పీఎస్. అంటే 2000 దగ్గర పవర్ 54 పీఎస్ మాత్రమే. 4000కి చేరేసరికి టార్క్ దాదాపు 132కి పడిపోతుంది. ఆ ట్యూనర్ చెప్పే 100 పీఎస్ నిజమే అనుకుందాం, అది కనిపించేది 4000 దగ్గర. మలుపు తిరిగేటప్పుడు మల్లి గారి బండి ఉండేది 1300, 1400లో. అక్కడ టర్బో ఇంకా నిద్ర లేవదు, ఎగ్జాస్ట్ గ్యాస్ చాలదు. సాఫ్ట్‌వేర్ ఎంత గాలి అడిగినా ఇచ్చేవాడు లేడు. కాబట్టి ఆ మలుపులో తేడా కొద్దిగానే ఉంటుంది, 1800 దాటాక మాత్రం బాగా తెలుస్తుంది.

మలుపుకి ముందే ఫస్ట్ గేర్ వేస్తే ఆర్పీఎం 2000 పైన ఉంటుంది, టర్బో మేలుకునే ఉంటుంది. దీనికి 18 వేలు అక్కర్లేదు.

టర్బో_తిక్క
మాస్టారూ, కాగితం మీద సరే. నా కారులో 1500 నుంచే తేడా తెలుస్తోంది.

స్టాక్_సుబ్బారావు
మీదీ వీజీటీయే కదండీ. పోలో అనుభవం స్విఫ్ట్‌కి ఎలా అతుకుతుంది?

టర్బో_తిక్క
ఆ ఒక్క పాయింట్ ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

క్లచ్_కామేశం
నాది అచ్చంగా మల్లి బండే, 2013 జడ్‌డీఐ, రీమ్యాప్ చేయించాను, కాబట్టి నన్ను వినండి. మొదటి రెండు నెలలు స్వర్గం. హైవేలో నాలుగో గేర్‌లోనే లారీల్ని దాటేయడం. తర్వాత ఫోర్త్‌లో గట్టిగా తొక్కితే ఆర్పీఎం పైకి లేస్తోంది, బండి మాత్రం లేవట్లేదు. క్లచ్ జారుతోంది. పాత క్లచ్ 190 న్యూటన్ మీటర్లకే అలవాటు పడింది, ట్యూనర్ 240 దాకా పెంచాడు. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మొత్తం సెట్టు మార్చి, గేర్‌బాక్స్ దింపిన కూలీ కలిపితే రీమ్యాప్‌కి పెట్టినంత మళ్లీ అయింది. కొత్త క్లచ్ వేశాక ఇప్పటికీ బాగుంది. రీమ్యాప్ ధర అడిగేటప్పుడు దాని పక్కనే క్లచ్ ధర కూడా రాసుకోండి, అంతే.

మార్కాపురం_మల్లి
మాది ఒరిజినల్ క్లచ్చే, ఇంతవరకూ విప్పలేదు. మైలేజీ ఏమైంది కామేశం గారూ?

క్లచ్_కామేశం
మెల్లగా నడిపితే అర కిలోమీటరు పెరిగిందేమో, ఖచ్చితంగా చెప్పలేను. కానీ మెల్లగా ఎవడు నడుపుతాడు? నిజానికి తగ్గింది. డాష్‌బోర్డ్ మీటర్ మాత్రం ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. ట్యూనర్ డీజిల్ పోసే టైమ్ పెంచుతాడు, మీటర్ లెక్క పాత కొలతల మీదే ఉండిపోతే అబద్ధం చెబుతుంది. ట్యాంక్ ఫుల్ చేసి లెక్కేసుకోవాల్సిందే.

పుత్లీబౌలి_పాషా
నేను ఒక ఓబీడీ ఎకానమీ చిప్ కొన్నా, ఆన్‌లైన్‌లో ఎనిమిది వందలు. పెట్టినంక పచ్చ లైటు, ఎర్ర లైటు మినుకుమినుకుమంటది. రెండు వారాల్లో ఈసీయూ నేర్చుకుంటదని బాక్స్ మీద రాసి ఉంది. నెల చూసి విప్పిన. లోపల రెండు ఎల్‌ఈడీలు, ఒక చిన్న చిప్, కొన్ని రెసిస్టర్లు. కారుతో మాట్లాడే క్యాన్ పిన్నులకు తీగలే లేవు. కరెంటు పిన్నులకే కనెక్షన్.

సెకండ్_గేర్
దీపావళికి పనికొస్తుంది భాయ్.

మార్కాపురం_మల్లి
మరి ట్యూనింగ్ బాక్స్ అని ఇంకోటి అమ్ముతున్నారు కదా, అది కూడా ఇలాంటిదేనా? అది 9 వేలే.

ఆటోనగర్_బాషా
అది మోసం కాదు, పని చేస్తుంది. ఎలా చేస్తుందో తెలిస్తే మీరే వద్దంటారు. ఇంజెక్టర్లన్నింటికీ డీజిల్ అందించే గొట్టం, అంటే కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి ఈ ఇంజిన్‌లో 1600 బార్ దాకా పోతుంది. ఆ ఒత్తిడిని కొలిచే సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య ఈ బాక్స్ కూర్చుని, ఉన్నదానికంటే తక్కువ ఉందని చెబుతుంది. ఈసీయూ పాపం నమ్మి ఒత్తిడి పెంచుతుంది. డీజిల్ ఎక్కువ పడుతుంది, పికప్ వస్తుంది. అసలు ఒత్తిడి ఎంతుందో ఈసీయూకి తెలియదు, కాబట్టి కాపాడలేదు. లక్ష దాటిన ఇంజెక్టర్ల మీద ఇది పెట్టి, తర్వాత ఇంజెక్టర్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. అంతకంటే సరిగా చేసిన రీమ్యాపే నయం. అందులో డీజిల్, గాలి, పొగ లిమిట్, టార్క్ లిమిట్ అన్నీ కలిపి మారుస్తారు. చేతగానివాడు డీజిల్ ఒక్కటే పెంచుతాడు, దానికి రీమ్యాప్ అని పేరు పెడతాడు.

బాలెనో_బాబ్జీ
నాది 1.2 పెట్రోల్ బాలెనో. దానికి చేయిస్తే ఎంత వస్తుంది?

లెక్కల_మాస్టారు
టర్బో లేని పెట్రోల్‌కి పెద్దగా రాదు. గాలిని ఇంజిన్ తనంతట తానే పీల్చుకుంటుంది, నెట్టే టర్బో లేదు. ఇగ్నిషన్ టైమింగ్, పెట్రోల్ మోతాదు సర్దితే నాలుగైదు పీఎస్, యాక్సిలరేటర్ స్పందన కాస్త చురుగ్గా. టర్బో పెట్రోల్ అయితే కథ వేరు, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచొచ్చు కాబట్టి 20 శాతం దాకా వస్తుంది. 1.0 టీఎస్ఐ లాంటి వాటిని అందుకే ఎగబడి చేయిస్తారు. టర్బో పెట్రోల్ కారుకి డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉంటే జాగ్రత్త. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీక్యూ200ని 250 న్యూటన్ మీటర్ల వరకే డిజైన్ చేశారు.

బాలెనో_బాబ్జీ
కోన్ ఫిల్టర్ పెట్టిస్తే? మా ఫ్రెండ్ పెట్టించాడు, సౌండ్ అదిరిపోయింది.

స్టాక్_సుబ్బారావు
సౌండ్ ఒక్కటే వస్తుంది. కంపెనీ పెట్టిన గొట్టం బంపర్ ముందు నుంచి చల్లగాలి తెస్తుంది. మీ ఫ్రెండ్ దాన్ని పీకేసి కోన్‌ని ఇంజిన్ పక్కన పెట్టాడు, అది పీల్చేది రేడియేటర్ వెనకున్న వేడిగాలి. వేడిగాలిలో ఆక్సిజన్ తక్కువ. మన మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర ఆగి కదిలితే బండి ఇంకా మొద్దుబారుతుంది. పైగా ఆయిల్ పూసే ఫిల్టర్ అయితే, ఆ ఆయిల్ ఎక్కువైనప్పుడు ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బళ్లలో దానికి అంటుకుంటుంది.

ఫ్రిస్కో_తెలుగోడు
టెక్సాస్ నుంచి. నా దగ్గర గోల్ఫ్ జీటీఐ ఉంది, స్టేజ్ 1 మీద నడుపుతున్నా. ఇక్కడ పని సులువు: పంపులోనే 93 ఆక్టేన్ (వేళకి ముందే పేలకుండా తట్టుకునే రేటింగ్) పెట్రోల్ దొరుకుతుంది, 93కి వేరే ఫైల్, 91కి వేరే ఫైల్ ట్యూనర్లే ఇస్తారు. ఇండియాలో ఈ20 రాకముందు 91 పెట్రోల్ మీదే టర్బో కార్లు ట్యూన్ చేశారంటే భయమేస్తుంది.

అయినా వారంటీ గొడవ ఇక్కడా ఉంది. ఫోక్స్‌వాగన్ డీలర్ స్కాన్ చేసినప్పుడు ట్యూన్ ఆనవాలు దొరికితే టీడీ1 అని ఫ్లాగ్ పడుతుంది, ఇంజిన్, గేర్‌బాక్స్ క్లెయిమ్ కష్టమే. మళ్లీ స్టాక్ ఫైల్ వేసినా ఫ్లాష్ ఎన్నిసార్లు జరిగిందో కౌంటర్ చెప్పేస్తుంది. 2025 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కానీ డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ ఉంది, ఓబీడీ సాకెట్ నుంచే చదువుతారు.

లెక్కల_మాస్టారు
ఫ్రిస్కో గారూ, మీ 91 వేరు, మా 91 వేరు. అమెరికా పంపు మీద రాసేది రెండు పద్ధతుల సగటు, ఇండియాలో రాసేది రీసెర్చ్ ఆక్టేన్ ఒక్కటే. మీ 93 మా లెక్కలో 97, 98 దగ్గర ఉంటుంది. అంటే అప్పటి తేడా మీరు అనుకున్నదానికంటే ఇంకా ఎక్కువ. ఇక్కడ 100 ఆక్టేన్ పెట్రోల్ హైదరాబాద్‌లో కొన్ని బంకుల్లో దొరుకుతుంది, మామూలు దానికంటే లీటరుకి యాభై రూపాయల పైనే ఎక్కువ. దాని మీద ట్యూన్ చేయించుకుని మార్కాపురం వెళ్తే మామూలు పెట్రోలే పోయించుకోవాలి. అప్పుడు నాక్ (పెట్రోల్ వేళకి ముందే పేలడం) కనిపెట్టే సెన్సర్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, కట్టిన డబ్బు పోయినట్టే.

బాలెనో_బాబ్జీ
మరి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) కి ఆక్టేన్ ఎక్కువంటారు కదా?

లెక్కల_మాస్టారు
ఎక్కువే. కానీ ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే లీటరుకి మూడో వంతు తక్కువ, అందుకే మైలేజీ కాస్త పడుతుంది. ఆక్టేన్ ఎక్కువైనంత మాత్రాన మామూలు బాలెనో పరిగెత్తదు. టైమింగ్‌ని ముందుకు జరిపే ట్యూన్ ఉంటేనే ఆ ఆక్టేన్‌తో పని.

వైజాగ్_వకీలు
పికప్ గోలలో చట్టం ఎవరికీ గుర్తు రాలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది, అది కేరళ నుంచి వెళ్లిన కేసు. అదే ఏడాది చట్ట సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ కింద అనుమతి లేకుండా మార్చిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సైలెన్సర్ మార్చి శబ్దం పెంచితే సెక్షన్ 190 కింద 10 వేల దాకా. మా బీచ్ రోడ్డులో పట్టుకున్న సైలెన్సర్లని పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించారు, గుర్తుందిగా.

టర్బో_తిక్క
వకీలు గారూ, ఆర్‌సీలో ఈసీయూ సాఫ్ట్‌వేర్‌కి గడి ఎక్కడుంది? సైలెన్సర్ కంటికి కనిపిస్తుంది, రీమ్యాప్ ఎవరికి కనిపిస్తుంది?

వైజాగ్_వకీలు
రోడ్డు మీద కానిస్టేబుల్‌కి కనిపించదు, నిజమే. పొగ కనిపిస్తుంది. బీఎస్-4 డీజిల్‌కి పొల్యూషన్ టెస్ట్‌లో పొగ సాంద్రత 50 హార్ట్రిడ్జ్ యూనిట్లు దాటకూడదు, అంతకు ముందు బళ్లకి 65. డీజిల్ ఎక్కువ పోసే మ్యాప్ అక్కడ దొరికిపోతుంది. అసలు చిక్కు యాక్సిడెంట్ అయినప్పుడు. పెద్ద క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ సర్వేయర్ బండిని విప్పి చూస్తాడు. చెప్పకుండా చేసిన మార్పు దొరికితే ఓన్ డ్యామేజ్ (మన బండికి అయిన నష్టం) డబ్బు ఆపడానికి వాళ్లకి సాకు దొరికినట్టే. గడి ఉందా లేదా అన్న వాదన మీరు కోర్టులో చేసుకోవచ్చు, ఈలోగా బండి షెడ్డులో ఉంటుంది.

పుత్లీబౌలి_పాషా
ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లకు పంపే వాల్వ్) మూసేస్తే ఎట్లుంటది? మా గల్లీల ప్లేటు మూడు వందలకే కోసి ఇస్తరు. పొగ మసి మళ్లీ ఇంజిన్ లోపలికి పోదు, ఇంజిన్ శుభ్రంగ ఉంటదని అందరూ చేయిస్తున్నరు.

ఆటోనగర్_బాషా
పాషా భాయ్, మసి తగ్గేది నిజం. కానీ ఈజీఆర్ పెట్టింది నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి, మూస్తే అవి పెరుగుతాయి, అది చట్టానికీ విరుద్ధం. చాలా బళ్లలో చెక్ ఇంజిన్ లైట్ వస్తుంది, ఈసీయూ పవర్ తగ్గించేస్తుంది కూడా. పికప్ కోసం మూసి పికప్ పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. వాల్వ్ విప్పి మసి కడిగిస్తే ఒక పూట పని.

తిరుపతి_ట్రిప్
మీరంతా పికప్ అంటారు. తిరుమల ఘాట్‌లో పైకి 28 నిమిషాల కంటే ముందు చేరినా, కిందికి 40 నిమిషాల కంటే ముందు దిగినా ఫైన్. ట్యూన్ చేయించినవాడు టోల్ గేట్ ముందు చెట్టు కింద బండి ఆపుకుని టైమ్ గడపాలి.

సెకండ్_గేర్
స్వామివారే స్పీడ్ లిమిటర్ పెట్టారు.

సీమ_సెడాన్
ఒక్కరైనా టైర్ల గురించి అడిగారా? 2014 వీడీఐకి 165/80 ఆర్14 సన్న టైర్లు, వెనక డ్రమ్ బ్రేకులు. ఆ బండికి పవర్ పెంచి దోర్నాల ఘాట్ దిగేటప్పుడు ఏం చేస్తారు? నేనైతే 18 వేలూ మంచి టైర్లకి, ముందు బ్రేక్ ప్యాడ్లకి, బ్రేక్ ఆయిల్ మార్చడానికి పెడతాను. వెనక బ్రేక్ పట్టేసి ఉన్నా కూడా పికప్ పోయినట్టే ఉంటుంది. ఘాట్ దిగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి చూడండి, మిగతావాటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అది పట్టేస్తోంది.

మార్కాపురం_మల్లి
ఇవాళ మెకానిక్ దగ్గర సబ్బు నీళ్ల పరీక్ష చేయించాను. బాషా గారు చెప్పింది చెప్పినట్టే. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి పోయే గొట్టం కింది వంపులో బొటనవేలంత చీలిక. పైనుంచి చూస్తే ఏమీ లేదు. బుడగలు కాదు, సబ్బు నురగ ఎగిరి మెకానిక్ ముఖాన పడింది. కొత్త గొట్టం, రెండు క్లాంపులు వేయించాం. ఎయిర్ ఫిల్టర్ కూడా నల్లగా ఉంటే మార్చేశాం. ఓంకారం గారి డాంగిల్ లెక్క ప్రకారం పాత గొట్టంతో 145 చూపించింది, ఇప్పుడు 210 దాటుతోంది. పొగ లేదు. ఈల కూడా పోయింది.

సాయంత్రం ఘాట్ కొంత దూరం ఎక్కి చూశాం, ఏసీతోనే. బాగుంది. 1500 లోపల మాత్రం ఇప్పటికీ మందమే.

లెక్కల_మాస్టారు
ఆ మందం పుట్టుకతో వచ్చింది. ఫస్ట్ గేర్.

టర్బో_తిక్క
శభాష్. ఇప్పుడు బండి ఆరోగ్యంగా ఉంది కాబట్టి రీమ్యాప్‌కి అసలైన సమయం ఇదే.

స్టాక్_సుబ్బారావు
మీరు మారరు.

మార్కాపురం_మల్లి
నిజం చెప్పాలంటే నాకూ ఇంకా మనసు లాగుతోంది. హైవే ఓవర్‌టేక్‌లకి ఉపయోగమే కదా. చేయించేట్టయితే ఆ ట్యూనర్‌ని ఏమేం అడగాలి?

క్లచ్_కామేశం
ముందు నీ క్లచ్ చూసుకో. ఖాళీ రోడ్డులో ఫోర్త్ గేర్‌లో 1800 దగ్గర నుంచి ఒక్కసారిగా ఫుల్ తొక్కు. ఆర్పీఎం ముల్లు స్పీడు ముల్లు కంటే తొందరపడి లేచిందంటే క్లచ్ ఇప్పటికే అలిసిపోయింది, ఇక రీమ్యాప్ మాటే వద్దు.

ట్యూనర్ దగ్గర: నీ ఒరిజినల్ ఫైల్ చదివి దాని కాపీ నీ చేతికి ఇస్తాడా? ఇవ్వనంటే లేచి వచ్చెయ్. నీ బండి ఫైల్‌నే మారుస్తాడా, ఎవరిదో తెచ్చి ఎక్కిస్తాడా? ముందూ తర్వాతా రోడ్డు మీద డేటా లాగ్ (నడుస్తున్నప్పటి రీడింగుల రికార్డు) తీస్తాడా? డైనో (చక్రాల్ని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) ఉంటే అదే రోజు, అదే డైనో మీద ముందొకటి, తర్వాతొకటి తీయాలి. డైనో చక్రాల దగ్గర కొలుస్తుంది కాబట్టి నీ 75 పీఎస్ అక్కడ అరవై పైచిలుకే కనిపిస్తుంది, కంగారు పడకు. "తర్వాత" కాగితం ఒక్కటే చూపిస్తే దానికి విలువ లేదు.

ఆటోనగర్_బాషా
ఇంకొక్కటి. 100 అడగొద్దు. ఈ చిన్న టర్బోని పైన ఆర్పీఎంలో అతిగా తిప్పితే ముందు పోయేది దాని షాఫ్టే. టార్క్ 220 దగ్గర ఆపమనండి, పొగ లిమిట్ ముట్టుకోవద్దనండి. ఆయిల్ పది వేలకి కాకుండా ఏడెనిమిది వేలకే మార్చండి, ఈ ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్ కూడా ఆ ఆయిల్ మీదే బతుకుతుంది. ఘాట్ ఎక్కి ఆగగానే కీ తిప్పేయకండి, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి.

మార్కాపురం_మల్లి
ఫోన్ చేసి అడిగాను. ఒరిజినల్ ఫైల్ కావాలంటే రెండు వేలు ఎక్స్‌ట్రా అట. డైనో లేదు. డేటా లాగ్ సంగతి అడిగితే "అవన్నీ ఎందుకు సార్, నడిపితే మీకే తెలుస్తుంది" అన్నాడు. వచ్చే వారం రేటు 22 వేలు అవుతుందని కూడా చెప్పాడు.

స్టాక్_సుబ్బారావు
ట్యూన్ చేస్తున్నది బండిని కాదు, మిమ్మల్ని.

టర్బో_తిక్క
అతని దగ్గర వద్దు మల్లీ. ఇది నేనే చెప్తున్నా. డైనో ఉన్నచోటికి నాతో బెంగళూరు రా, నాది కూడా మళ్లీ లాగ్ తీయించాలి. క్లచ్ టెస్ట్ మాత్రం ముందు చేసి రా.

మార్కాపురం_మల్లి
ఆదివారం చేసి పెడతా. వీడియో తీయమని తమ్ముడికి చెప్పాను.